మెదిపిన దుంపకూరకు మన విస్తట్లో చోటు కావాలి

సంపాదకులవారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని వంటల పేజీని ఎన్నో ఏళ్ళుగా శ్రద్ధగా చదువుతున్న పాఠకురాలిని. చలికాలం వచ్చి విశాఖ రైతుబజార్లలో కంద, పెండలం, చిలగడదుంప కుప్పలు పోసి అమ్ముతున్న ఈ రోజుల్లో, ఆ పేజీలో దుంపల గురించి వస్తున్నవన్నీ వేపుళ్ళూ, చిప్సూ, మంచూరియాలే కావడం చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. దుంపను ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, పోపు పెట్టి అన్నం పక్కన వడ్డించే ముద్దకూర మన ఇళ్ళలో క్రమంగా పూరీకీ, మసాలా దోసెకీ పరిమితమైపోయింది. దానికి రోజువారీ భోజనంలో మళ్ళీ చోటు దక్కాలన్నది నా మనవి. ఎందుకు దక్కాలో, రుచిగా ఎలా కుదురుతుందో చెప్పకుండా ఊరికే అడిగితే ఆ మనవికి బలం ఉండదు కనుక, కొంచెం నిడివి తీసుకుంటున్నందుకు మన్నించగలరు.

ముందుగా ఇది ఎవరికోసం అడుగుతున్నానో చెబుతాను. ఈ నగరంలో పిల్లలు ఉద్యోగాలకని దూరాలకు వెళ్ళిపోగా ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతుల ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. పళ్ళు కదిలిపోయినవారికి వేపుడు ముక్క నమలడం కష్టం, గట్టిగా వండిన చిక్కుడుకాయ, గోరుచిక్కుడు అసలే కుదరదు, రోజూ పప్పే తినాలంటే విసుగు పుడుతుంది. వానాకాలం జ్వరాలు వచ్చి తగ్గాక నోరు చేదెక్కి ఉన్న మనిషికి కారం సయించదు, చప్పిడిదేమో గొంతు దిగదు. అలాంటప్పుడు కాస్త అల్లం, కాస్త నిమ్మరసం తగిలిన వేడి ముద్దకూరను నేతి అన్నంలో కలిపి పెడితే నాలుగు ముద్దలు తృప్తిగా తింటారు. మా అత్తగారి చివరి సంవత్సరాల్లో ఇది నేను రోజూ కళ్ళారా చూసిన విషయం. ఆవిడ కూరను అన్నంలో ఒక్కసారిగా కలిపేసుకునేవారు కారు. విస్తరి అంచున వేయించుకుని, ప్రతి ముద్దకూ చిటికెడంత చూపుడువేలితో తీసుకుని అద్దుకుంటూ, చివరి పెరుగన్నం దాకా దాన్ని మిగుల్చుకునేవారు.

అదే ఆవిడ ఒక ఆపరేషన్ తరువాత నగరంలోని ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మెత్తటి ఆహారం పేరుతో పూటపూటకూ నీళ్ళ పప్పూ, చిమిడిపోయిన అన్నమూ వచ్చేవి. ఒకపూట మెదిపిన బంగాళాదుంప వచ్చిందని సంతోషించాం కానీ, దాన్ని మిక్సీలో తిప్పినట్టున్నారు. చెంచాతో ఎత్తితే జిగురులా సాగుతోంది. మింగడమే కష్టంగా ఉన్న మనిషికి అంగిలికి అంటుకుపోయే పదార్థం పెట్టడం ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. వండినవారికి శ్రద్ధ లేదని నేను అనను. బంగాళాదుంప స్వభావం ఎవరూ వారికి చెప్పి ఉండరు, అంతే.

ఆ స్వభావం తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. బంగాళాదుంప ఉడికేటప్పుడు దాని కణాల లోపల ఉన్న పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, కణాలను అతికి ఉంచే పదార్థం కరిగి సడలుతుంది. ఆ స్థితిలో పప్పుగుత్తితో పైనుంచి నిలువుగా నొక్కితే కణాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి పొడిపొడిగా, మెత్తగా వస్తాయి. మిక్సీ బ్లేడు కణాలనే కోసేస్తుంది కనుక లోపలి పిండి బయటికి వచ్చి తడితో కలిసి జిగురవుతుంది. ఒకసారి జిగురైన తరువాత ఎంత నెయ్యి పోసినా అది బాగుపడదు. అందుచేత మన వంటింటి గోడకు వేలాడే చెక్క పప్పుగుత్తే ఈ పనికి తగిన సాధనం. దాన్ని కూడా గిరగిరా తిప్పకుండా, నొక్కి ఎత్తి, గిన్నెను కాస్త తిప్పుకుంటూ మళ్ళీ నొక్కాలి. చిన్న చిన్న పలుకులు మిగిలితే మిగలనివ్వండి. పసిపిల్లలకూ, మింగలేనివారికీ పెట్టేటప్పుడు మాత్రం చిల్లుల గిన్నెలో వేసి గరిటె వెనకవైపుతో ఒత్తితే సరిపోతుంది.

దుంపను ఎంచుకోవడం దగ్గరనుంచీ జాగ్రత్త అవసరం. పలచని తొక్కతో నిగనిగలాడే కొత్త బంగాళాదుంప పులుసులోకి, కుర్మాలోకి బాగుంటుంది, ముక్క చెదరదు. మెదపడానికి మాత్రం పిండి పిండిగా ఉండే ముదురు దుంప కావాలి. ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారిపోయి కూరకు వద్దన్న తీపి వస్తుంది కనుక, గాలి తగిలే బుట్టలో, వెలుతురు పడని మూల ఉంచుకోవాలి. ఎండ తగిలి ఆకుపచ్చబడిన దుంపను ఎవరికీ పెట్టకూడదు, రోగులకు అసలే వద్దు. ఉడికించేటప్పుడు చల్లటి నీళ్ళలో వేసి మొదలుపెడితే లోపలా బయటా సమంగా ఉడుకుతుంది. నీళ్ళు పూర్తిగా వార్చేసి, ఆ వేడి గిన్నెనే రెండు నిమిషాలు సన్నటి సెగ మీద ఉంచి, దుంపల ఒంటిమీద తడి ఆవిరై తెల్లగా పొడిబారే వరకూ ఆగితే కూర నీరుకారదు. చాలామంది తొందరలో వదిలేసేది ఈ రెండు నిమిషాలనే. వేడి చల్లారక ముందే మెదపాలి, నెయ్యో వెన్నో ముందు వెయ్యాలి, పాలు కలపదలిస్తే కాచిన వేడి పాలు ఆ తరువాత కొద్దికొద్దిగా పొయ్యాలి.

అయితే బంగాళాదుంప మన మార్కెట్లకు ఎక్కువగా బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో వస్తుంది. మన జిల్లాల నేలలో పండి, ఈ కాలంలో తాజాగా దొరికే కంద గురించి మీ పత్రిక ఇంకా విస్తారంగా రాయాలని నా కోరిక. కోస్తా పెళ్ళిళ్ళలో కంద బచ్చలి కూర లేని పంక్తి ఒకప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు కంద అనగానే దురద గుర్తుకొచ్చి పిల్లలు, కొత్తగా కాపురాలు పెట్టినవారు దూరం జరుగుతున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెప్పుకుంటాం కానీ, ఆ దురదకు కారణం కందలో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు. మన కొవ్వూరు ప్రాంతపు కంద నుంచి ఎంపిక చేసి విడుదల చేసిన గజేంద్ర రకంలో ఈ దురద చాలా తక్కువ. రైతుబజారులో అడిగి తెచ్చుకోవడం మంచిది. ఏ రకమైనా సరే, చేతులకు నూనె రాసుకుని తొక్క మందంగా చెక్కి, ముక్కలను కాసేపు చింతపండు నీళ్ళలోనో పలచని మజ్జిగలోనో ఉంచి కడిగేసి, ఆ తరువాత పసుపు, ఉప్పు వేసిన మామూలు నీళ్ళలో చాకు గుచ్చితే ఆగకుండా దిగేదాకా ఉడికించి, ఆ నీళ్ళు పారబొయ్యాలి.

ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి. చింతపండు పులుసులోనే కందను ఉడికించాలని చాలా ఇళ్ళలో అలవాటు. పులుపు ఉన్న నీళ్ళలో దుంపల కణాలను అతికి ఉంచే పదార్థం త్వరగా కరగదు కనుక ముక్క ఎంతసేపటికీ గట్టిగానే ఉండిపోతుంది. పులుసుకూరలో ముక్క నిలబడాలి కాబట్టి అక్కడ అది మేలే. మెదిపే కూరకు మాత్రం ముందు పూర్తిగా ఉడకాలి, పులుపు తరువాత రావాలి.

మా ఇంట్లో చేసే పద్ధతి రాస్తాను, మీ పాఠకులకు పనికివస్తుంది. అరకిలో కందకు రెండు మధ్యరకం బంగాళాదుంపలు కలిపితే ముద్దకు మంచి కట్టు వస్తుంది. రెండింటినీ విడివిడిగా ఉడికించి, వార్చి, తడి ఆర్చి, వేడిమీదే మెదిపి పక్కన పెట్టుకోవాలి. మూకుట్లో నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయ ముక్కలు వేసి, అవి ఎర్రగా వేగాక తరిగిన అల్లం, చీరిన పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ వెయ్యాలి. చిక్కటి చింతపండు గుజ్జు ఒక గరిటెడు పోసి పచ్చివాసన పోయేదాకా ఉడకనిచ్చి, మెదిపిన దుంప వేసి నెమ్మదిగా కలిపి, రెండు నిమిషాలు మగ్గనిచ్చి దించెయ్యాలి. దించిన తరువాతే ఆవ కలపాలి. ఒక చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, కొద్దిగా ఉప్పు, తగినన్ని నీళ్ళతో నూరిన ఆ ముద్దలో ముక్కుకు ఎక్కే ఘాటు ఆవగింజ నలిగి తడి తగిలినప్పుడు పుట్టేది. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆ ఘాటంతా ఆవిరితో పోయి చేదు మిగులుతుంది. ఆవ పెట్టిన కంద ముద్దకూర వేడన్నంలో ఎంత బాగుంటుందో, మర్నాడు పొద్దున చద్దన్నంలో అంతకన్నా బాగుంటుంది. జ్వరపడి లేచినవారికి ఆవ మాని, పచ్చిమిర్చి తగ్గించి, నిమ్మరసం పిండి పెట్టవచ్చు.

చిలగడదుంప దారి వేరు. శివరాత్రి ఉపవాసం నాడు తప్ప దాన్ని పట్టించుకోని ఇళ్ళు చాలా ఉన్నాయి, తీపి దుంప కూరకేం పనికొస్తుందని అడుగుతారు. తొక్కతోనే సన్నటి సెగ మీద ఆవిరికి ఉడికిస్తే, సుమారు 60 నుంచి 75 డిగ్రీల వేడిలో చురుగ్గా ఉండే దాని సొంత ఎంజైము పిండిని చక్కెరగా మార్చి దుంపకు చక్కటి తీపి తెస్తుంది. కుక్కరులో పెట్టి విజిళ్ళు రప్పిస్తే ఆ వేడిని క్షణాల్లో దాటిపోతుంది కనుక తీపి తగ్గుతుంది. కూరకు ఆ తగ్గిన తీపే మేలు కాబట్టి, ఈ ఒక్క చోట నేను కుక్కరు పక్షం వహిస్తాను. తొక్క ఒలిచి మెదిపి, పచ్చిమిర్చి అల్లం నూరిన ముద్ద, ఉప్పు, నిమ్మరసం కలిపి ఆవాలు, ఇంగువ పోపు పెడితే పప్పుచారు పక్కన ఎంతో ఇంపుగా ఉంటుంది. నారింజరంగు గుజ్జు ఉన్న రకాలలో విటమిన్ ఏకు మూలమైన బీటా కెరోటిన్ సమృద్ధిగా ఉంటుంది. ఆఫ్రికా దేశాల్లో ఆ దుంపను ప్రజల పళ్ళెంలోకి తెచ్చిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతిలో భాగం దక్కింది. మన దేశంలో 1963 నుంచి తిరువనంతపురంలో పనిచేస్తున్న కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ, భువనేశ్వర్‌లోని దాని ప్రాంతీయ కేంద్రం భూ సోనా వంటి నారింజరంగు రకాలను రైతులకు అందించాయి. భువనేశ్వర్ మనకు రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరే దూరమే కాబట్టి, ఆ తీగలు మన మెట్ట రైతుల పొలాల్లోకి ఇంకా విరివిగా రావడానికి మీ వ్యవసాయ పేజీ కూడా సాయపడగలదు.

పెండలాన్ని కందలాగే చెయ్యవచ్చు, దానికి దురద బాధ తక్కువ. చామదుంపను మాత్రం మెదపమని ఎవరికీ చెప్పను. దాని జిగటకు పులుసో, కరకరలాడే వేపుడో తగినవి. ముల్లంగిలో నీరే ఎక్కువ కనుక అదీ ఇందుకు పనికిరాదు. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యానికి పోయే కర్రపెండలాన్ని మలయాళీలు కొబ్బరితో మెదిపి పుళుక్కు చేసుకుంటారు. చేపల పులుసు ఉన్న రోజున అది మన ఇళ్ళలోనూ రుచిస్తుంది, కాకపోతే దానిలోని విషపదార్థం పోవడానికి తొక్క పూర్తిగా తీసి, ఎక్కువ నీళ్ళలో మూత పెట్టకుండా ఉడికించి, ఆ నీళ్ళను తప్పనిసరిగా పారబొయ్యాలి.

క్యారెట్‌లో పిండిపదార్థం తక్కువ కాబట్టి ఒంటరిగా మెదిపితే నీళ్ళూ పీచూ వేరవుతాయి, బంగాళాదుంప తోడుంటే చక్కగా కలుస్తుంది. డచ్చివారు తరతరాలుగా చేసుకునే హుట్స్‌పాట్ అనే వంటకం ఇదే. క్యారెట్, ఉల్లిపాయ, బంగాళాదుంప కలిపి ఉడికించి మెదుపుతారు. 1574లో లైడెన్ నగరాన్ని ముట్టడించిన స్పెయిన్ సేనలు వెళ్ళిపోయాక, వారి శిబిరంలో దొరికిన కుండలో ఇటువంటి కూర ఉందని అక్కడివారు చెప్పుకుంటారు, ఇప్పటికీ ఏటా అక్టోబరు 3న ఆ ఊళ్ళో అదే వండుకుని తింటారు. అప్పటికి బంగాళాదుంప వారి వంటిళ్ళకు చేరలేదు కనుక ఆ కుండలోది పార్స్‌నిప్ అనే తెల్లటి దుంప అయి ఉంటుందంటారు. మన భీమిలిలో స్థావరం ఏర్పరచుకుని వ్యాపారం చేసినవారు, ఇప్పటికీ అక్కడ సమాధులు మిగిలి ఉన్నవారు ఆ డచ్చివారే. అంత దూరపు చలి దేశంలో ఒక నగరం తన కష్టకాలం గట్టెక్కిన రోజును మెదిపిన దుంపలతో గుర్తు చేసుకుంటోందంటే, ఆ తిండి మనిషికి ఎంత ఊరటనిస్తుందో అర్థమవుతుంది.

దూరం వెళ్ళనక్కరలేదు. రైల్వే, పోర్టు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం కారణంగా మన నగరంలో స్థిరపడిన ఒడియా, బెంగాలీ, బిహారీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఉడికించిన ఆలూను చేత్తో చిదిమి, పచ్చి ఆవనూనె, తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, ఉప్పు కలుపుకుని పప్పు అన్నంతో తినే చోఖా బిహారువారికి నిత్యాహారం. ఒడియా, బెంగాలీ ఇళ్ళలోనూ దాదాపు ఇదే ఉంటుంది. వాళ్ళ ఆవనూనె ఘాటూ మన ఆవ ఘాటూ ఒకే గింజ నుంచి వచ్చినవి. మా పక్కింటి ఒడియా ఇల్లాలు మా కంద కూర రుచి చూసిన నాటి నుంచి ప్రతి చలికాలమూ నన్ను అడిగి మరీ చేయించుకుంటారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు, ఫ్రిజ్‌లో దాచిన కూరలన్నీ పాడైపోగా, బుట్టలో ఉన్న కంద, బంగాళాదుంపలే మా వీధిలో చాలా ఇళ్ళను ఆదుకున్నాయి. కరెంటు అక్కరలేని పప్పుగుత్తి ఆ రోజుల్లో అందరికీ గుర్తొచ్చింది. తుపానులు తప్పని తీరంలో ఉన్న మనకు, ఫ్రిజ్ లేకుండా నిలవ ఉండే దుంపలనూ, మిక్సీ లేకుండా అయ్యే వంటనూ ఇంట్లో ప్రతి ఒక్కరూ నేర్చుకుని ఉండడం అవసరమని అప్పటినుంచీ నా అభిప్రాయం.

ఆరోగ్యం విషయంలో చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఇవన్నీ పిండిపదార్థాలే, మధుమేహం ఉన్నవారు వీటిని అన్నానికి అదనంగా వేసుకోకుండా, ఆ మేరకు అన్నం తగ్గించుకుని, పక్కన పప్పో ఆకుకూరో పెట్టుకోవాలి. దుంపల్లో పొటాషియం ఎక్కువ కాబట్టి మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఆక్సలేట్ల వల్ల రాళ్ళు ఏర్పడే తత్వం ఉన్నవారు తమ వైద్యుణ్ణి అడిగి తినడం క్షేమం. ఈ జాగ్రత్తలు చెప్పకుండా వంటకాన్ని ఆకాశానికి ఎత్తడం వంటల పేజీలకు తగదు.

కనుక సంపాదకులవారికి నా మనవి ఇది. ఈ కార్తీకం నుంచి శివరాత్రి వరకూ దుంపలు దొరికే కాలమంతా, వారానికి ఒక దుంపను తీసుకుని, దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా ఉడికించాలో, ఎలా మెదపాలో కొలతలతో సహా మీ పేజీలో ప్రచురించండి. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్ళకు ఈ కూరలు అచ్చంగా సరిపోతాయి. ఏజెన్సీ సంతల్లో దొరికే అడవి దుంపలను అక్కడివారు ఎలా శుద్ధి చేసి వండుకుంటారో వారినే అడిగి రాయించండి, ఆ తెలివి మా వంటి పట్నవాసులకు లేదు. నగరంలోని వృద్ధాశ్రమాలు, ఆసుపత్రులు, హాస్టళ్ళ వంటశాలల్లో పనిచేసేవారి చేతికి అందేలా, మిక్సీ ఎందుకు వాడకూడదో, నీళ్ళు వార్చి ఎందుకు ఆర్చాలో సులువైన మాటల్లో ఒక అర పేజీ వెయ్యగలిగితే, దాన్ని కత్తిరించి మా వీధి చివర ఉన్న వృద్ధాశ్రమం వంటగదిలో అతికించే పని నేను తీసుకుంటాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం.